వంతు నీళ్లు

ఇంటి ముందు దేవరాజులు గొడ్డలి నూరుతుంటే, పక్కనే నేల మీద కూర్చున్న పరదేశి "అబ్బబ్బా!" అన్నాడు.

గొడ్డలిని చూసి కాదు. వేరుశనగ పచ్చడద్దిన సంగటి ముద్ద నోట్లో పెట్టుకుని.

"చెనిక్కాయల ఊరిబిండి ఎంత కమ్మగా ఉండాది తల్లీ! ఇంగొంచెం ఉంటే పెట్టు."

దేవరాజులు పెళ్లాం చెంగమ్మ నవ్వి, మరికాస్త వడ్డించింది. యుద్ధం రోజులు, గింజ దొరకని కాలం. అయినా ఆకలని వచ్చినవాడికి లేదనడం ఆ మహాతల్లికి చేతకాదు.

"తిరపతికి పోయేవోడివి పాకాలలో ఎందుకు రైలు దిగినావు నాయనా?"

"నడవాలనిపించింది తల్లీ."

"లోపలికి రా, నీడన కూసోని తిందువు."

"వద్దులే తల్లీ. ఈడైతే గాలి తగలతా ఉండాది."

గాలట! దేవరాజులుకు ఒళ్లు మండింది. సంగటి ముద్దకు ఇంత సంబరమా? తిరణాలకొచ్చినవాడిలా కోళ్లను చూసి నవ్వుతాడు, గడ్డివామిని చూసి నవ్వుతాడు. ఇక్కడేమో తనకు తిన్నది ఒంటికి పట్టి ఎన్నాళ్లయిందో!

దేవరాజులుకూ, అన్న సుబ్బన్నకూ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఇద్దరికీ ఒకటే బావి. ఎడ్లను కట్టి, తోలు బానతో నీళ్లు తోడే కపిల తోలుకోవాలి. పొద్దు నడినెత్తికొచ్చేదాకా అన్న వంతు, ఆ తర్వాత తమ్ముడి వంతు. నాయన పోతూ పోతూ చెప్పిన మాట అది. మొన్న పొద్దు వాలినా సుబ్బన్న ఎడ్లను విప్పలేదు. అడగబోతే మూతి పగలగొట్టాడు. దేవరాజులు రాయెత్తి అన్న నొసలు చీల్చాడు. ఇద్దరి రక్తమూ కాలవలో పారింది గానీ, దేవరాజులు వరిమడికి చుక్క నీళ్లు అందలేదు. మడి నెర్రెలు బారింది. ఇవాళ తడి తగలకపోతే పైరు దక్కదు.

"ఈ పొద్దు నా వొంతులో వాడు కపిల తోలితే సూడు! తల ఆడ, మొండెం ఈడ!"

"సంగటి సల్లారిపోతా ఉండాదప్పా. ముందు నువ్వు తిను," అన్నాడు పరదేశి.

"నీకెందుకురా?"

"కడుపుకింత ముద్ద, పైన ఇంత ఎండ. ఇంతకన్నా ఏం కావాలప్పా మనిసికి? ఆ గొడ్డలి ఇట్లియ్యి."

పరదేశి లేచి దేవరాజులు చెయ్యి పట్టుకున్నాడు.

దేవరాజులు వాడి రొమ్ము మీద తన్నాడు. ముద్ద మట్టిపాలైంది. పరదేశి మట్టి అంటని తునక తీసి నోట్లో వేసుకుని, చెంగమ్మకు దండం పెట్టి, బావి దారి అడిగి వెళ్లిపోయాడు.

"అన్నం కాడ మనిసిని తంతావా? నీ కాలు పడిపోను!" అని చెంగమ్మ ఏడ్చింది.

పొద్దు నడినెత్తికొచ్చింది. గొడ్డలి భుజాన వేసుకుని, ఎడ్లను తోలుకుంటూ దేవరాజులు బావి గట్టెక్కాడో లేదో, కపిల గిలక కిర్రుమంది.

తన వంతులో!

అన్న ఎడ్లు కపిల బాట వాలులో దిగుతున్నాయి. వెనక మోకు తాడు మీద కూర్చుని మనిషి. ఇటు వీపు. నెత్తిన అన్న ఎర్ర తలగుడ్డ. పైగా కూనిరాగం కూడాను!

ఇంకేముంది, దేవరాజులుకు కళ్లు కనపడలేదు.

"నా నీళ్లు తాగుతావురా, దొంగ నాయాలా!"

గొడ్డలి మెడ మీద దిగింది. మనిషి బాటలో బోర్లా పడ్డాడు. ఎడ్లు బెదిరి అడ్డం తిరిగాయి. దేవరాజులు మళ్లీ నరికాడు. రక్తం మొహాన చిమ్మింది. అయినా కసి తీరక గొడ్డలి ఇంకోసారి ఎత్తాడు.

"ఒరే దేవరాజూ! ఏం జేసినావురా!"

అది సుబ్బన్న గొంతు. పార చేతబట్టుకుని, నీళ్లు మళ్లించే మడవ దగ్గర నుంచి పరిగెత్తుకొస్తున్నాడు.

దేవరాజులు చేతిలోంచి గొడ్డలి జారింది. వంగి, పడినవాణ్ని వెల్లకిలా తిప్పాడు.

పొద్దున సంగటి తిన్న పరదేశి.

"తమ్ముడు పస్తుంటే నీకు ముద్దెట్లా దిగతాదప్పా అని పొద్దున్నుంచీ నా కాళ్లు పట్టుకున్నాడురా," సుబ్బన్న గుండెలు బాదుకున్నాడు. "నాకే సిగ్గేసింది. నీ ఎడ్లతోనే నీ తమ్ముడి మడి తడుపుదాం, నేను తోలతాను, నువ్వు మడవ తిప్పు అన్నాడు. ఎండగా ఉండాదని నా తలగుడ్డ ఇచ్చినాను. మోకు మింద కూసోని దిగతా బిడ్డ మాదిరి నవ్వినాడురా!"

దేవరాజులు కాలవ వైపు చూశాడు. నీళ్లు తన మడిలోకే పారుతున్నాయి. నెర్రెలన్నీ నిండిపోయాయి.

అతను ఆ బురదలోనే కూలబడ్డాడు. పక్కన అన్న కూలబడ్డాడు. ఎన్నాళ్లకో ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఏం లాభం?

సాయంత్రానికి పాకాల నుంచి పోలీసులు వచ్చారు. హెడ్డు కానిస్టేబులు వంగి శవం మొహం చూశాడు.

"వీడు నగరి మునస్వామి గదా! అప్పుడు పట్టుకోని పోయింది నేనే. నిన్ననే వేలూరు జైల్లోంచి ఇడిసినారని ఇన్నాను."

"దేవుడట్లా మనిసికి జైలేందయ్యా?" అన్నాడు సుబ్బన్న.

దేవరాజులు చేతులకు బేడీలు వేస్తూ హెడ్డు మెల్లగా చెప్పాడు.

"మునస్వామి కపిల వొంతు కాడ సొంతన్నను నరికినాడు."