గుమ్మం ముందు మిగిలిన జత

కాపెల్‌లో హైమ ఇల్లు ఆ రాత్రి పండగలా ఉంది. సముద్రాల అవతల మాల్టా దీవిలో చూసొచ్చిన తేనెరంగు రాతిఇళ్ళ పల్లె ఫొటోలు టీవీలో పెట్టి, పులిహోర వడ్డిస్తూ, స్నేహితులకు కబుర్లన్నీ ఏకరువు పెట్టింది. అక్కడ మధ్యాహ్నం కుక్క కూడా మొరగదట. తాళంచెవి బయట తలుపుకే వదిలేస్తారట. ఆ ఊరు దాటి ఎరగని కార్మేనా ఆంటీ కాఫీకి పిలిస్తే, హైమా, ఆమె భర్త శేషగిరీ అలవాటు కొద్దీ చెప్పులు గుమ్మంలోనే విప్పారు. ఆవిడ గలగలా నవ్వి, "మీ ఇంటికొస్తే నేనూ విప్పుతాలే" అందట.

తొమ్మిదిన్నరకు అందరూ వెళ్ళిపోయారు. చివరి కారు చప్పుడు కూడా వీధి మలుపు దాటి వినబడకుండా పోయింది. హైమ గుమ్మం సర్దబోతే ఇంకో జత చెప్పులు కనిపించాయి. పాత నల్లతోలువి, తేనెరంగు రాతిదుమ్ము పట్టి ఉన్నాయి.

"శేషూ, ఎవరో చెప్పులు వదిలేశారు!"

"ఒట్టికాళ్ళతో ఎవరు డ్రైవ్ చేస్తారే? గ్రూప్‌లో మెసేజ్ పెట్టు" అన్నాడతను మేడమీద నుంచి.

ముట్టుకుంటే చెప్పులు ఇంకా వెచ్చగా ఉన్నాయి. తలెత్తి చూస్తే, తలుపుకు బయటివైపు తాళంచెవి వేలాడుతోంది.

వంటింట్లో ఒట్టికాళ్ళ అడుగుల చప్పుడు. ఆ వెనకే, గలగలా నవ్వు.

హైమ పెదాలమీదికి నవ్వు దానంతటదే వచ్చేసింది. అతిథుల్ని సాగనంపడానికి వేసుకున్న తన చెప్పులు విప్పి ఆ జత పక్కనే పెట్టింది.

"ఆంటీ, కాఫీ పెట్టనా?"

లోపల అరమీది నుంచి కప్పు దించిన చప్పుడైంది. కాసేపాగి, రెండోది.