కాకికాలు కుట్టు

"పోను. రేపే కాదు, ఇంకెప్పుడు పిలిచినా పోను."

అమ్మాయి సూదిని దారపు రీలుకు గుచ్చి, ఒళ్ళో ఉన్న గౌనును పక్కన పెట్టింది. కుట్టుమిషను తొక్కుతున్న తల్లి కాళ్ళు ఆగిపోయాయి.

"ఇంటర్వ్యూకి పిలిస్తే పోననేదాన్ని నిన్నే చూస్తున్నాను. రెడీమేడ్ చొక్కాల కంపెనీ అంటే మాటలా? నెల తిరిగేసరికి జీతం వస్తుంది. నాలా ఇంట్లో కూర్చుని ఊరందరి చిరుగులూ కుట్టుకుంటావా?"

"అదేం ఇంటర్వ్యూ అమ్మా? పేరడిగారా, చదువడిగారా? ముందు చొక్కాల గుట్ట పడేసి సాయంత్రం దాకా గుండీలు కుట్టమన్నారు. పొద్దుగూకాక 'చెయ్యి ఇంకా కుదరాలి, మళ్ళీ రా' అన్నారు. మళ్ళీ వెళ్తే అదే గుట్ట, అదే మాట. ఇప్పుడు మూడోసారి!"

"పెద్ద కంపెనీ కదా, నాలుగు రకాలుగా పరీక్షిస్తారు."

"పరీక్షకి ఒక్క చొక్కా చాలదూ? గదినిండా జనం, ఎవ్వరం నడుం ఎత్తలేదు. మంచినీళ్ళకి లేచినా ఆ సూపర్‌వైజరు కళ్ళెర్రజేశాడు."

"అవి పరీక్ష కోసం ఉంచిన చొక్కాలే. సాయంత్రానికి ఆ గుండీలన్నీ ఊడదీసేస్తారు. వాళ్ళకేం లాభం?" తల్లి మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. "రేపు మాత్రం వెనక గోడ దగ్గర కూర్చోకు. అక్కడి ట్యూబులైటు కొట్టుకుంటూ కళ్ళు లాగేస్తుంది. కిటికీ పక్కన చోటు చూసుకో."

"పోవడమే లేదంటుంటే కిటికీ ఏమిటి, గోడేమిటి!"

"నా కళ్ళ సంగతి చూస్తున్నావు కదే. ఎన్నాళ్ళు కుట్టగలను నేను?"

ఈ మధ్య తల్లి సూదిలో దారం ఎక్కిస్తున్నది అమ్మాయే. తల వంచుకుంది కానీ, వెళ్తానని మాత్రం అనలేదు.

అప్పుడే మేనమామ లోపలికొచ్చాడు. ఒంటిమీద కొత్త నీలం చొక్కా మెరిసిపోతోంది.

"ఏమిటక్కా, వీధి చివరిదాకా వినిపిస్తోంది మీ గోల?"

"నీ మేనకోడలు ఇంటర్వ్యూకి పోదట. నువ్వైనా చెప్పు."

"ఏమే ఎడంచేతి మహారాణీ! నువ్వు రాకపోతే వాళ్ళు కంపెనీకి తాళం వేసుకుంటారనుకున్నావా? ఇదిగో, ఈ చొక్కా వాళ్ళదే. నిన్ననే వాళ్ళ షాపులో కొన్నా. పోయినేడాది సరుకట, చవగ్గా ఇచ్చేశారు. అయినా చూడు, ఎంత దర్జాగా ఉందో!" ఛాతీ విరుచుకుని ఒక చుట్టు తిరిగాడు.

"పొట్ట లోపలికి లాక్కో మావయ్యా. గుండీ తెగి నా మీద పడేలా ఉంది."

"తెగదే! ఎంత గట్టిగా కుట్టారో చూడు."

నవ్వబోయిన అమ్మాయి ఆ కుట్టు చూసి ఆగిపోయింది. లేచి వెళ్ళి, పొట్టమీది గుండీని పట్టుకుని ముందుకు లాగింది.

"ఏయ్, ఏయ్! కొత్త చొక్కా!"

"అమ్మా, ఇలా రా! ఇది కాకికాలు!"

నాలుగు చిల్లుల గుండీకి అందరూ దారాన్ని రెండు గీతల్లానో, ఇంటూ గుర్తులానో వేస్తారు. ఈ ఇంట్లో మాత్రం ఒక మూల చిల్లులోంచి మిగతా మూడింటికీ వేస్తారు. చూస్తే కాకి కాలు మోపి వెళ్ళినట్టు ఉంటుంది. అమ్మమ్మ నుంచి తల్లికీ, తల్లి నుంచి అమ్మాయికీ వచ్చిన కుట్టు అది. బయట ఇంకెవరూ అలా కుట్టగా వాళ్ళు చూడలేదు.

"ఊడదీసేస్తారన్నావు! నా గుండీ మావయ్య పొట్టమీద ఉంది చూడు! మాచేత ఊరికే కుట్టించుకుని, చేతకాదని ఇంటికి పంపి, ఆ చొక్కాలు అమ్ముకుంటున్నారు. ఇప్పుడు చెప్పు, పొమ్మంటావా?"

తల్లి మిషను దగ్గర్నుంచి లేచింది. కళ్ళజోడు సర్దుకుని, గుండీకి ముక్కు తగిలేంత దగ్గరగా వంగి చూసింది. దాని పైదాన్ని చూసింది. ఆ పైదాన్నీ చూసింది. మేనమామ ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

"ఏమిటక్కా, మాట్లాడవు?"

తల్లి పక్కనున్న గౌను తీసుకుని, ఇందాక అమ్మాయి కుట్టిన గుండీలను చొక్కా గుండీల పక్కన పెట్టి చూసింది. ఎడంచేతి వాటం కాబట్టి అమ్మాయి వేసిన కాకికాళ్ళన్నీ పైకి చూస్తున్నాయి. చొక్కా మీదివన్నీ కిందికి చూస్తున్నాయి.

అమ్మాయి ఫోను మోగింది. కంపెనీ నంబరు.

"రానని ఇప్పుడే చెప్పేస్తాను," అంటూ అమ్మాయి చెయ్యి చాపేలోగా తల్లి ఫోను అందుకుంది.

"ఏమ్మా, రేపు పెందలాడే వచ్చెయ్," అన్నాడు అవతల సూపర్‌వైజరు. "ఈసారి చెయ్యి కుదిరితే ఉద్యోగం ఖాయం."

"మా అమ్మాయి రాదు."

"రాదా? అసలు మీరెవరండీ?"

తల్లి నడుం నిటారుగా నిలబెట్టింది.

"పోయినేడాది మీ వెనక గోడ దగ్గర, కొట్టుకునే లైటు కింద కూర్చుని గుండీలు కుట్టి, చెయ్యి కుదర్లేదని మీరంటే నిజమే కాబోలనుకుని, ఇంట్లో కూడా ఎవరికీ చెప్పుకోలేకపోయిందే... ఆవిణ్ణి!"