చూరు కింద గుడ్డముక్కలు

వడ్రంగి నిచ్చెనెక్కి వసారా కప్పు లోపలి చెక్క ఊడదీశాడు. కింద నిచ్చెన పట్టుకున్న మామగారి నెత్తిన నాలుగు చుక్కలు టపటపా పడ్డాయి.

“చూశావా, కప్పు కారుతోంది. మూడుసార్లు తారు పూయించాను,” అన్నారాయన.

“వాన పడి నెలైంది పెద్దాయనా, ఎక్కణ్ణుంచి కారుతుంది? ఇది అమ్మగారి ఇస్త్రీ ఆవిరి, పైన చల్లబడి నీరవుతోంది. వాలు తక్కువ కప్పు కదా, గాలి చూరు దగ్గర లోపలికొచ్చి గోడ దగ్గర బయటికి పోవాలి. ఎవరో పుణ్యాత్ముడు రెండు దారులూ మూసేశాడు.”

కోడలు కుట్టుమిషను మీద ప్లాస్టిక్ పట్టా సర్దింది. రవికెల మీద నీటిమరకలు చూసి ఇద్దరు అప్పుడే వేరే దర్జీని వెతుక్కున్నారు. వసారా ఆరకపోతే ఆమె మిషను మూలన పెట్టాల్సిందే.

వడ్రంగి సందుల్లోంచి ఆకుపచ్చ గుడ్డముక్కలు లాగాడు. అవి పోయినేడు ఆమె కుట్టిన బడి యూనిఫారాల కత్తిరింపులు. మామగారు నిచ్చెనను అవసరానికి మించి గట్టిగా పట్టుకున్నారు.

“ఎవరమ్మా ఈ ఘనకార్యం?”

“ఈ ఇంట్లో మాకు ముందున్నవాళ్ళు,” అంది కోడలు తడుముకోకుండా.

మామగారు గొంతు సవరించుకున్నారు. “వాళ్ళు కాదు, నేనే. మిషను దగ్గర నీ వీపుకి చలిగాలి కొడుతోందనీ...”

“తెలుసు మామయ్యా. అందుకే నేనూ ముట్టుకోలేదు.”



“మరిప్పుడు ఉంచాలా, తీసెయ్యాలా?” పైనుంచి అడిగాడు వడ్రంగి.

“తీసెయ్ నాయనా,” అన్నారు మామగారు. “చలికి శాలువాలు కనిపెట్టి చాలాకాలమైందట.”