రెండో గొంతు

దీనమ్మకు మతి తప్పుతోందని, రోజూ పాడే కీర్తన రాగమే మరిచిపోయిందని కింది ఫ్లాటు జయమ్మ లిఫ్టులో ఆమె కోడలు జెస్సికాతో చెప్పింది. జెస్సికా ఆ మాట మొగుడి చెవిన వేసింది.

హైటెక్ సిటీ ఆఫీసు నుంచి ఒళ్లు హూనమై వచ్చిన కిరణ్ పాల్ సోఫాలో కూలబడ్డాడు.

"అమ్మా, రేపు డాక్టరు దగ్గరికెళ్దాం. పాట తప్పుతున్నావంట."

"తప్పడమేంట్రా? మూడొందల ఏళ్లనాడు జర్మనీలో నాలుగు గొంతులకు కట్టిన పాట అది. రాగం పైగొంతుది. నాది రెండోది. అదొక్కటే వింటే రాగం తప్పినట్టే ఉంటది. జెస్సికా, నువ్వెత్తుకోవే."

కోడలు రాగం ఎత్తుకుంది. దీనమ్మ గొంతు దాని కిందికి చేరి అతికినట్టు కుదిరింది.

కిరణ్ పాల్ కళ్లు మూసుకుని విన్నాడు. "బాగుందమ్మా. డాక్టరొద్దులే."

"మాది సరే. చర్చిలో పక్కన నిలబెట్టుకుని నేను నీకు నేర్పిన మగాళ్ల కిందిగొంతు ఏం చేశావురా?"