పోయి రాండి

"ఇంకా ఈ ఫాక్స్‌ప్రో ప్రోగ్రామేనా నడస్తా ఉండేది?"

కాటా గది గుమ్మంలో నిలబడి నోరెళ్ళబెట్టాడు ఆ పెద్దాయన.

నాగవేణికి ఒళ్ళు మండింది.

బయట మామిడికాయల ట్రాక్టర్లు బంగారుపాళ్యం రోడ్డు దాకా బారులు తీరి ఉన్నాయి. ఆ గుజ్జు ఫ్యాక్టరీలో ప్రతి బండి తూకం కంప్యూటర్‌లో ఎక్కించేది ఆమే.

"ఏం, దానికేమొచ్చింది?"

"శానా పాతదమ్మా. తయారు చేసినోళ్ళే వదిలేసినారు. తీసెయ్యాల."

"పాతదైతే? నెట్టు లేకున్నా నడుస్తాది. కరెంటు పోయి వచ్చినా లేసి కూసుంటాది. ఏనాడూ తూకం తప్పింది లేదు."

"ఈ కంప్యూటర్ చెడిపోతే? కొత్త దాంట్లో ఇది లేయదు. ఆ దినం ఏం చేస్తావు?"

నాగవేణి భయమూ అదే మరి!

ఈ కుర్చీలోకి రాకముందు ఆమె లోపల షెడ్డులో కత్తి పట్టి కాయలు కోసేది. సొన తగిలి చేతులు బొబ్బలెక్కేవి. ఈ కంప్యూటర్ నీలం తెర ముందు కూర్చోవడం ఒక్కటే ఆమె నేర్చిన విద్య. అది పోతే మళ్ళీ కత్తే గతి.

కొత్త సాఫ్ట్‌వేర్ అమ్ముతామంటూ ఈ సీజన్‌లో ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. ఈయనా ఆ బాపతే అనుకుంది. కాకపోతే తల నెరిసింది, అంతే తేడా.

"పొద్దున్నే నా పొట్ట కొట్టేదానికి వచ్చినావా?"

"అది కాదమ్మా, నా మాట విను. కొత్తది నేర్చుకుంటే..."

"నాకేం నేర్పొద్దు! సాయంత్రం మూసేటప్పుడు ఇది ఏమంటాదో తెలుసునా నీకు? 'పోయి రాండి' అంటాది. మా ఇంట్లోవాళ్ళు కూడా నాకామాట చెప్పరు. మీ కొత్తది చెప్తాదా?"

పెద్దాయన తెర వంక చూసి చిన్నగా నవ్వాడు.

అంతే, ఆమెకు పూనకం వచ్చినంత పనైంది.

"నవ్వుతావా? పో ఇంగ!"

చిత్తూరు వైపు గిట్టనివాళ్ళను కూడా 'పో' అనరు, 'పోయి రా' అంటారు. నాగవేణి అనేసింది.

ఆయన సంచీ భుజాన వేసుకున్నాడు.

"పోయొస్తానమ్మా."

ఆమె తలెత్తలేదు.

పొద్దు గూకే వేళకు యజమాని జయచంద్ర వచ్చాడు.

"ఎంత పని చేసినావు నాగవేణీ! ఏకాంబరం సార్‌ను ఏమన్నావు?"

"ఆయనెవరు సార్?"

"పొద్దున వచ్చినాడే, ఆ పెద్దాయన! కంప్యూటర్ ఇయ్యాలో రేపో అన్నట్టుండాదని నేనే తిరుపతి నుంచి పిలిపించినా. 'కొత్త ప్రోగ్రాం రాసిస్తా, కానీ కుర్చీలో ఆయమ్మే ఉండాల, పక్కన కూసోని నేనే నేర్పిస్తా' అన్నాడు. మళ్ళీ ఆయనే ఫోన్ చేసి, 'ఆయమ్మకు ఇష్టం లేదు, బలవంతం వద్దు' అని ఎళ్ళిపోయినాడు."

నాగవేణి కుర్చీలోంచి లేచింది.

"ఫోన్ నంబరు ఈండి సార్. నేను పిలుస్తా. కాళ్ళు పట్టుకుంటా."

"ఇంగేం పిలుస్తావు? బెంగళూరు కంపెనీకి సంతకం పెట్టేసి వస్తా ఉండా. కుర్చీలోకి మనిషిని కూడా వాళ్ళే పంపిస్తారంట."

"మరి... నేను?"

జయచంద్ర షెడ్డు వైపు చూసి తల దించుకున్నాడు. లోపల కత్తుల చప్పుడు వినిపిస్తోంది.

నాగవేణి ఆ రోజుకు ప్రోగ్రాం మూసింది. నీలం తెర మీద, ఇంగ్లీషు అక్షరాల్లో, రోజూ వచ్చే మాటే వచ్చింది.

పోయి రాండి.

"ఈ మాటొక్కటన్నా ఉంచమని వాళ్ళకు చెప్పండి సార్," అంది కళ్ళు తుడుచుకుంటూ.

"వాళ్ళకేం తెలుస్తాది నాగవేణీ? నువ్వు రాకముందే ఈ ప్రోగ్రాం రాసి, ఇంటికి పోయే మనిషికి ఒక మంచి మాట చెప్పాలని దాన్ని పెట్టింది ఏకాంబరం సారే కదా!"