తిరుగు కవరు

"తొమ్మిదైతే తీసుకోరు మాష్టారూ, పది ఉండాల్సిందే" అంది టైపు చేసే ఆవిడ, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండానే. "పది కథలు. ఒక్కటి కూడా ఎక్కడా అచ్చయి ఉండకూడదు. ఇవాళ సాయంత్రం ఐదులోపు పోటీవాళ్ళ చేతికందాలి. నిబంధనల కాగితం మీరే ఇచ్చారు కదా, చదవలేదా?"

"చదివాను" అన్నాడు మాష్టారు.

ప్రశ్న రెండుసార్లు చదవండర్రా అని ముప్ఫై రెండేళ్ళు పిల్లలకి చెప్పిన మనిషి. ఆ నిబంధనలు ఇరవైసార్లు చదివి ఉంటాడు. బహుమతి వచ్చిన సంపుటిని వాళ్ళే పుస్తకంగా వేస్తారు. రాసినవాళ్ళు లేకపోతే ఇంట్లోవాళ్ళు పంపవచ్చు. ముఖ్యమైన వాక్యాలన్నిటికీ కింద గీత గీసుకున్నాడు గానీ, ఆ చివరి వాక్యం జోలికి మాత్రం పోలేదు.

బల్ల మీద ఆయన భార్య రాసిన కథలు తొమ్మిది ఉన్నాయి. ప్రతిదానికీ నడుమ ఒక మడత. పత్రికలకి వెళ్ళి తిరిగొచ్చిన గుర్తు అది. కథ పంపినప్పుడల్లా ఆవిడ స్టాంపులు అంటించిన ఖాకీ కవరొకటి జతచేసేది. దాని మీద తన చిరునామా తనే రాసి, ఊరి పేరు కింద రెండు గీతలు గీసేది. నచ్చకపోతే అందులో పెట్టి పంపేయమని. కవరు వచ్చిన రోజు, "పుట్టింటికొచ్చిందండీ" అని నవ్వేసి బీరువాలో దాచేది. నకలు ఉంచుకునే అలవాటు మాత్రం లేదు.

పదో కథని ఆసుపత్రికి వెళ్ళే ముందురోజు తనే వెళ్ళి పోస్టులో వేసొచ్చింది. వేసే ముందు చదివి వినిపిస్తానంటే, "తిరిగొచ్చాక చదువుతాలే" అన్నాడు మాష్టారు. దాని పేరేమిటో కూడా ఆయనకి తెలియదు. ఆవిడ పోయి నాలుగు నెలలైంది. కథ ఇంకా రాలేదు.

"ఆ పత్రికవాళ్ళకి ఫోన్ చెయ్యాల్సింది" అంది టైపు చేసే ఆవిడ.

"మూడుసార్లు చేశాను. గుట్టలు గుట్టలుగా పడున్నాయట. నచ్చకపోతే మీ కవర్లోనే వచ్చేస్తుంది, కంగారెందుకు అన్నారు."

"కథ తిరిగి రావాలని కోరుకునేవాళ్ళు కూడా ఉంటారా మాష్టారూ!"

"వాళ్ళకి నచ్చకుండా ఉంటే బాగుండును" అన్నాడాయన. అన్నాక, ఆ మాట తన చెవికే వినబడి తల దించుకున్నాడు.

టైపు చేసే ఆవిడ తెర మీద మొదటి పేజీకి వెళ్ళింది. విషయసూచికలో పదో వరుస ఖాళీగా ఉంది.

"పోనీ మీరే ఒకటి రాసి కలిపెయ్యండి. మాకన్ని వ్యాసాలు చెప్పారు, కథ రాయలేరా? ఎవరికి తెలుస్తుంది?"

"అమ్మాయ్, ఏడో తరగతిలో నువ్వు పక్కపిల్ల కాగితం చూసి రాస్తే నిన్నేం చేశాను?"

"గుమ్మం బయట నిలబెట్టారు. పీరియడంతా."

"మరి?"

"అబ్బ, ఇంకా గుర్తుందా మీకు!" అని నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది.

పన్నెండున్నరకి గుమ్మం ముందు సైకిలు గంట మోగింది. పోస్టుమాన్. ఇంటి ఉత్తరాలేమైనా ఉంటే ఇక్కడికే తెచ్చిపెట్టమని మాష్టారు పొద్దున్నే చెప్పి వచ్చాడు.

"వచ్చిందండీ మాష్టారూ! అమ్మగారి చేతిరాతే!"

ఖాకీ కవరు. నీలం సిరా. ఊరి పేరు కింద రెండు గీతలు. లోపల దళసరిగా తగులుతోంది. మాష్టారు ఆ గీతల మీద బొటనవేలు పెట్టి అలాగే ఉండిపోయాడు.

"ఇన్నేళ్ళూ ఈ కవరు అమ్మగారి చేతికివ్వాలంటే నాకు మొహం చెల్లేది కాదండీ" అన్నాడు పోస్టుమాన్, చెమట తుడుచుకుంటూ. "ఇవాళ మాత్రం మిగతా వీధులన్నీ వదిలేసి ముందు ఇటే వచ్చాను."

టైపు చేసే ఆవిడ కుర్చీ ముందుకి లాక్కుంది. "ఇలా ఇవ్వండి. నాలుగింటికల్లా కొట్టేస్తాను. అన్నం సంగతి తర్వాత చూసుకుందాం."

"పుట్టింటికొచ్చింది" అన్నాడు మాష్టారు. నాలుగు నెలల్లో ఆయన నవ్వడం అదే మొదలు.

చేతిరాత చిరగకుండా, అతికించిన అంచు కింద స్కేలు దూర్చి నెమ్మదిగా విప్పాడు.

లోపల రాతకాగితాలు లేవు. స్టాంపులంటించిన కవరు ఉండనే ఉంది కదా అనుకున్నారేమో, పత్రికవాళ్ళు అందులో ఈ నెల సంచికని మడిచి పెట్టారు. పదిహేడో పేజీలో పదో కథ, దాని కింద మొట్టమొదటిసారి అచ్చులో ఆవిడ పేరు.