గ్రైండర్ ఒప్పుకుంటేనే

పాలకొల్లులో మోకాలు బిగుసుకుపోయినవాళ్లు డాక్టరు దగ్గరికి కాదు, నా రిపేరు కొట్టుకే వస్తారు. ఆ పొద్దున లైన్‌మ్యాన్ నిశ్చల్ కాలీడ్చుకుంటూ వచ్చాడు. అప్‌డేట్ సగంలో ఆగిపోయి అతని మరమోకాలు కర్రలా నిలిచిపోయింది.

"పాతదైపోయింది, మార్పించేసుకోమంటున్నారండి మోకాలి కంపెనీవాళ్లు. అంత డబ్బెక్కడిదండి? స్తంభం ఎక్కలేనోడికి ఉద్యోగమెవడిస్తాడండి, జోషితమ్మగారూ?"

మోకాలు పాతదే, తప్పు మాత్రం దానిది కాదు. అప్‌డేట్ ఎక్కించే ఆజ్ఞల జాబితాను, అదే ఇన్‌స్టాల్ స్క్రిప్టును, కొత్త షెల్‌కు మాత్రమే తెలిసిన ఆజ్ఞలతో రాశారు. షెల్ అంటే ఆ ఆజ్ఞలు చదివి పాటించే ప్రోగ్రాము. ఈ మోకాలిలోని పాత షెల్‌కు అవి అర్థం కాలేదు. పదకొండు చోట్ల ఆ సోకులు పీకేసి, ఏ షెల్‌కైనా తెలిసిన మామూలు ఆజ్ఞలు రాశాను.

అయినా తిన్నగా మనిషి కాలికి ఎక్కించను. ముందు ఆ ఆజ్ఞలన్నీ మా ఇడ్లీ గ్రైండర్‌కు వినిపిస్తాను. ముప్పై ఏళ్లనాటి కంప్యూటర్ గ్రైండర్ అది, దానిలో ఉన్నదానికన్నా పాత షెల్ ఊళ్లో లేదు. దానికి అర్థమైతే అందరికీ అర్థమైనట్టే. గ్రైండర్ ఒక్కచోటా ఆగలేదు.

గంటలో నిశ్చల్ మా మేడమెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు.

స్క్రిప్టు కంపెనీకి పంపాను. "మా గ్రైండర్‌కు అర్థం కానిది ఇంకోసారి మనుషులకు పంపకండి" అని కింద రాశాను.

నెల తర్వాత వాళ్ల పెద్ద ఇంజనీరు ఫోన్ చేశాడు.

"మేడమ్, కొత్త అప్‌డేట్ సిద్ధమైందండి. దేశమంతటికీ పంపేముందు ఒక్కసారి మీ గ్రైండర్‌లో చూస్తారా?"

"ఉండండి," అన్నాను. "ముందు పప్పు రుబ్బుకోవాలి."